పడిపోయిన చేయి ఎంత వచ్చినది? — పక్షవాతానంతర చలనపరీక్షయు, వర్చువల్ రియాలిటీయు

పక్షవాతము తగిలిన మనిషి ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన పిమ్మట, చూడవచ్చిన బంధువులు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "చేయి వచ్చినదా?" కోయంబత్తూరు పీళమేడులోనైనను, మధుర వీథులలోనైనను, మన తెలుగిండ్లలో ఈ ప్రశ్నకు లభించు సమాధానములు కూడ రెండే. వచ్చినది, లేదా, రాలేదు. వైద్యశాస్త్రము ఈ రెండు మాటలతో తృప్తి పడదు. ఎంత వచ్చినది? ఏ కీలున వచ్చినది? వచ్చినది నిజముగా చేయియేనా, లేక చేతికి బదులుగా నడుము పనిచేయుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు విద్యయే చలనపరీక్ష. ఇటీవలి దశాబ్దములలో ఈ పరీక్షకు వర్చువల్ రియాలిటీ యను క్రొత్త సాధనము తోడైనది. దాని స్వరూపమును, ప్రయోజనమును, పరిమితులను మన సమాజమువారికి తెలియజేయుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇది వైద్యులు వ్రాయదగిన విషయము గాని భాషోపాధ్యాయుల కేల యని కొందరు సందేహింపవచ్చును. అందుకు రెండు కారణములు కలవు. పరీక్ష యనునది మా వృత్తికి ప్రాణము. ఏమి కొలుచుచున్నామో తెలియక వేసిన మార్కు విద్యార్థికి మేలు చేయదు. రోగికిని మేలు చేయదు. రెండవది, ఈ పరీక్ష యంతయు మాటమీద నడచును. "చేయి చాపుము", "మడువుము", "అరచేయి పైకి త్రిప్పుము" అను మాట రోగికి బోధపడినగాని పరీక్ష ప్రారంభమే కాదు. విజయనగర రాజుల కాలమునను, 1529 ప్రాంతమున మధురలో పాలన నారంభించిన విశ్వనాథనాయకుని వంశీయుల కాలమునను తమిళదేశమునకు వచ్చి స్థిరపడిన వారి సంతతి మనలో పెక్కురు. ఇంట తెలుగును, వీథిలో తమిళమును మాటాడు మనకు ఈ రెండవ కారణము మిక్కిలి ముఖ్యమైనది.

చేయి ఏల పడిపోవును?

మెదడునకు రక్తము గొనిపోవు నాళము మూసికొనిపోయినను, పగిలినను, ఆ భాగమునందలి కణములు నిమిషములలోనే చెడనారంభించును. పక్షవాతములలో అధికభాగము నాళము మూసికొనుటవలన కలుగునవే. మెదడునుండి క్రిందికి దిగు చలననాడులలో చాల భాగము మెదడు కాండము అడుగున ఒకవైపునుండి మరియొకవైపునకు దాటిపోవును. అందుచేతనే మెదడు ఎడమభాగము దెబ్బతినినచో కుడిచేయియు, కుడిభాగము దెబ్బతినినచో ఎడమచేయియు పడిపోవును. మెదడు మధ్యధమని యను పెద్ద నాళము ముఖమును, చేతిని శాసించు ప్రాంతమునకు రక్తము నిచ్చుచున్నది. ఎక్కువగా మూసికొనునదియు ఆ నాళమే. కాలు కొంత కుదుటపడి నడక సాగినను చేయి వెనుకబడియుండుటకు ఇది యొక ముఖ్యకారణము.

పడిన చేయి తిరిగివచ్చుటలో నొక క్రమము కలదు. దీనిని 1951లో ట్విచెల్ అను అమెరికా వైద్యుడు శ్రద్ధగా పరిశీలించి ప్రకటించెను. స్వీడన్‌లో జన్మించి అమెరికాలో పనిచేసిన సిగ్నే బ్రున్‌స్ట్రోమ్ అను వ్యాయామచికిత్సకురాలు ఆ క్రమమును ఆరు దశలుగా విభజించెను. మొదట చేయి మెత్తబడి వ్రేలాడును. పిమ్మట బిగువు పుట్టును. ఆపైన, రోగి చేయి యెత్తబోయినచో భుజము పైకి లేచుట, మోచేయి ముడుచుకొనుట, వ్రేళ్ళు బిగిసికొనుట ఒక్కుమ్మడిగా జరుగును. ఒక్క కీలును కదల్పనెంచిన అన్నియు కదలును. క్రమముగా ఈ కట్టు సడలి, ఒక్కొక్క కీలు తన పని తాను చేసికొనగలుగును. అందరును చివరిదశ వరకు పోజాలరు. కొందరు నడుమనే నిలిచిపోదురు. ఎవరు ఏ దశయందున్నారో తెలియనిదే తగిన వ్యాయామమును నిర్ణయించుట సాధ్యము కాదు.

మార్కులతో కొలుచు పరీక్షలు

స్వీడన్ దేశపు గోథెన్‌బర్గు నగరమున ఆక్సెల్ ఫ్యూగల్-మేయర్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి 1975లో ప్రకటించిన పరీక్ష నేటికిని ప్రామాణికముగా వాడబడుచున్నది. చేతికి మొత్తము 66 మార్కులు. అందు భుజము, మోచేయి, ముంజేయి కలిపి 36, మణికట్టునకు 10, వ్రేళ్ళకు 14, కదలికలోని పొందికకును వేగమునకును 6. ఒక్కొక్క అంశమునకు మూడే మెట్లు. బొత్తిగా చేయలేనిచో సున్న, కొంత చేసినచో ఒకటి, పూర్తిగా చేసినచో రెండు. సుమారు ఐదు మార్కులైన పెరిగినగాని రోగి నిత్యజీవితమున గుర్తింపదగిన మార్పు కలిగినట్లు పరిశోధకులు సామాన్యముగా భావింపరు.

1981లో లైల్ ప్రకటించిన మరియొక పరీక్షయందు 19 పనులు, 57 మార్కులు కలవు. కొయ్యదిమ్మెల నెత్తుట, ఒక గ్లాసులోని నీటిని మరియొక గ్లాసులో పోయుట, చేతిని తలమీదికి గొనిపోవుట మొదలగునవి అందలి పనులు. ఇంతకంటె సులువైనది దిమ్మెల పరీక్ష. ఒక పెట్టెను అడ్డుపలకతో రెండు గదులుగా చేసి, ఒక గదిలోని చిన్న దిమ్మెలను ఒక్కొక్కటిగా రెండవ గదిలోనికి దాటింపవలెను. 60 సెకండ్లలో ఎన్ని దాటినవో అన్నియే మార్కులు.

ఇట్టి పరీక్షలకు ఖరీదైన యంత్రములు పనిలేదు. అయినను వాని విలువ తక్కువ కాదు. నెదర్లాండ్స్ దేశమున జరిగి 2010లో ప్రకటితమైన పరిశోధన యొకటి చూడుడు. పక్షవాతము వచ్చిన మూడు దినములలోపల రోగి వ్రేళ్ళను కొంచెమైనను చాచగలిగి, భుజమును ప్రక్కకు కొంచెమైనను ఎత్తగలిగినచో, ఆరు మాసములకు చేతిపనితనము కొంతయైన తిరిగివచ్చు అవకాశము నూటికి 98 అని అందు తేలినది. ఆ రెండును చేయలేనివారికి ఆ యవకాశము నూటికి 25 మాత్రమే. రెండు చిన్న కదలికలు ఆరు మాసముల భవిష్యత్తును ఇంత స్పష్టముగా సూచించుట గమనింపదగినది.

కాని మార్కుల పద్ధతికి లోపములు లేకపోలేదు. సున్న, ఒకటి, రెండు అను మూడు మెట్లలో సూక్ష్మమైన మార్పు ఇముడదు. మొన్న పది సెకండ్లలో తొట్రుపడుచు చేసిన పనిని నేడు ఆరు సెకండ్లలో చేసినను మార్కు ఒకటిగానే యుండవచ్చును. రోగి పాటుపడుచునే యుండును. పట్టికలో అంకె మారదు. నిరుత్సాహము కలిగి వ్యాయామము మానుకొనుటకు ఇంతకంటె కారణము కావలయునా?

కోలుకొనుట వేరు, సరిపెట్టుకొనుట వేరు

ఇంతకంటె లోతైన ప్రశ్న మరియొకటి కలదు. బల్లమీది గ్లాసును రోగి అందుకొన్నాడు. ఎట్లు అందుకొన్నాడు? మోచేతిని చాచి అందుకొన్నాడా, లేక మోచేయి ముడిచినది ముడిచినట్లే యుండగా నడుము ముందుకు వంచి, భుజమును పైకెత్తి అందుకొన్నాడా? పని పూర్తియైనదా లేదా యని మాత్రమే చూచువానికి రెండును ఒక్కటే. శాస్త్రదృష్టిలో మొదటిది కోలుకొనుట, రెండవది సరిపెట్టుకొనుట. కెనడా దేశస్థురాలగు మిండీ లెవిన్, మరి యిద్దరు పరిశోధకులు 2009లో ఈ భేదమును స్పష్టముగా నిర్వచించిరి. పాఠము అర్థము చేసికొని సరియైన సమాధానము వ్రాసిన విద్యార్థికిని, అర్థము కాకయే కంఠస్థము చేసి వ్రాసిన విద్యార్థికిని గల భేదము వంటిదే యిది.

సరిపెట్టుకొనుట తప్పని భావింపరాదు. మధురలో 1976లో పదునొకండు పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిన డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి గారి చరిత్ర మనకు తెలిసినదే. వారికి వచ్చినది పక్షవాతము కాదు, కీళ్ళవాతము. యౌవనముననే వారి వ్రేళ్ళు వంకరపోయినవి, ఆ వంకర మరల తీరలేదు. ఆ వ్రేళ్ళతోనే శస్త్రమును పట్టుట నేర్చికొని, వారు జీవితకాలమున లక్షకు పైగా నేత్రచికిత్సలు చేసిరి. వారి వ్రేళ్ళ ఆకారమును మాత్రము కొలిచినచో మార్కు సున్నకు దగ్గరగా వచ్చును. వారి చేతిపనిని కొలిచినచో దానికి సాటి లేదు. కాబట్టి పరీక్షకుడు రెండింటిని విడివిడిగా కొలువవలెను. పక్షవాతపు తొలిమాసములలో, ముఖ్యముగా మెదడు తన్ను తాను చక్కబరచుకొను మొదటి మూడు మాసములలో, నడుము వంచి సరిపెట్టుకొనుటయే అలవాటైనచో, మోచేతికి రాదగిన కదలిక కూడ రాకపోవు ప్రమాదము కలదు. ఆ కదలిక రానే రాదని తేలిన పిమ్మట సరిపెట్టుకొనుటయే వివేకము.

మిథ్యాలోకమున చేయి

కదలిక "ఎట్లు" జరిగినదో కొలుచుటకు కంటిచూపు చాలదు. ఇచ్చట వర్చువల్ రియాలిటీ తోడ్పడును. కంప్యూటరు కల్పించిన దృశ్యమును నిజమువలె కంటిముందు నిలిపి, మనిషి కదలికలకు తగినట్లు ఆ దృశ్యమును మార్చు విద్య యిది. 1968లో ఐవాన్ సదర్లాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకొను తొలి దృశ్యయంత్రములలో నొకదానిని ప్రదర్శించెను. అది మిక్కిలి బరువైనదగుటచే పైకప్పునుండి వ్రేలాడదీయవలసివచ్చెను. నేడు ఆ యంత్రము కంటద్దములకంటె కొంచెము పెద్దదిగా నున్నది. 2006లో వచ్చిన వీ, 2010లో వచ్చిన కినెక్ట్ అను ఆటయంత్రములు ఈ విద్యను ప్రయోగశాలనుండి సామాన్యమైన గదులలోనికి తెచ్చినవి.

రోగి కుర్చీలో కూర్చుండును. ఎదుట మిథ్యాలోకమున నొక చెట్టు, దానికి పండ్లు కనబడును. వెలిగిన పండును తాకుమని ఆజ్ఞ. రోగి చేయి చాపుచుండగా యంత్రము సెకండునకు అనేక పర్యాయములు చేతి స్థానమును, కొన్ని యంత్రములందు మోచేయి, భుజము, ఛాతీల స్థానమును వ్రాసికొనును. ఆట ముగియునప్పటికి నాలుగు విషయములు తేలును.

మొదటిది మార్గము. పండు 30 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. ఆరోగ్యవంతుని చేయి ఇంచుమించు తిన్నగా పోవును. రోగి చేయి వంకరలు తిరిగి 45 సెంటీమీటర్లు పోయినచో, ఒకటిన్నర రెట్లు దారి నడచినదన్నమాట. రెండవది కాలము. మూడవది నునుపు. ఆరోగ్యవంతుని చేతివేగము ఒక్కసారి పెరిగి ఒక్కసారి తగ్గును. పటము గీసినచో గంట ఆకారము వచ్చును. రోగి చేయి ఆగి, కదలి, మరల ఆగి పోవుటచే ఆ పటమున అనేక శిఖరములు కనబడును. చేయి కోలుకొనుకొలది శిఖరములు కలిసిపోయి తగ్గును. నాలుగవది ఛాతీ కదలిక. చేయి ఎంత చాచెను, నడుము ఎంత వంగెను అను రెండింటిని వేరుచేసి చూపుట దీని ప్రయోజనము. కోలుకొనుటకును సరిపెట్టుకొనుటకును గల భేదము ఇచ్చట అంకెలలో బయటపడును.

మూడవదియగు నునుపును నమ్మదగినట్లు లెక్కించుట కష్టమైన గణితము. ఈ విషయమున మన పొరుగుననే గొప్ప కృషి జరిగినది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన శివకుమార్ బాలసుబ్రహ్మణియన్ తన సహపరిశోధకులతో 2015లో ప్రకటించిన వ్యాసము, చలనపు నునుపును కొలుచు పద్ధతులను పరిశీలించి, వాని గుణదోషములను నిర్ణయించినది. ఆ కళాశాలవారును, మద్రాసు ఐ.ఐ.టి.వారును కలిసి ప్లూటో అను చిన్న యంత్రమును కూడ నిర్మించిరి. ఒక్కటే మోటారు; దానికి తగిలించు పిడులు మాత్రము మార్చుకొనవచ్చును. ఒక పిడితో మణికట్టును, మరియొక పిడితో ముంజేతి త్రిప్పుటను, వేరొకదానితో వ్రేళ్ళు తెరచి మూయుటను తెరమీది ఆటలతో అభ్యసింపవచ్చును, కొలువవచ్చును.

2019లో పలుదేశముల నిపుణులు కూడి చేతి కదలిక నాణ్యమును కొలుచుటకు కొన్ని సామాన్య పరీక్షలను సిఫారసు చేసిరి. వానిలో నొకటి, గ్లాసు అందుకొని నీరు త్రాగి మరల బల్లమీద పెట్టుట. ఎంత యంత్రవిద్య పెరిగినను, పరీక్షకు వారెన్నుకొన్నది దాహము తీర్చుకొను పనియే యగుట గమనింపదగినది.

యంత్రము చేయజాలనిది

క్రొత్త సాధనముపై మితిమీరిన యాశ పెట్టుకొనుట మంచిది కాదు. వర్చువల్ రియాలిటీని చికిత్సగా పరీక్షించినప్పుడు ఫలితములు మిశ్రమముగా నున్నవి. 2016లో ప్రకటితమైన ఒక ప్రయోగమున 141 మంది రోగులలో కొందరిచే వీ యాటలను, మిగిలినవారిచే పేకాట వంటి సామాన్యమైన ఆటలను ఆడించిరి. చేయి కోలుకొనుటలో ఇరువురికిని భేదము కనబడలేదు. 72 ప్రయోగములను, 2470 మంది రోగులను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష కూడ, చేతి విషయమున ఇది సామాన్య వ్యాయామచికిత్సను మించినది కాదనియు, దానికి తోడుగా వాడి అభ్యాసకాలమును పెంచినచో మేలు కలుగవచ్చుననియు చెప్పినది. 190 ప్రయోగములను చేర్చిన 2025 సమీక్షయందు స్వల్పమైన లాభము కనబడినది. కాబట్టి కోలుకొనుటకు మూలము యంత్రము కాదు, పునఃపునరభ్యాసము.

కొలతసాధనముగా కూడ దీనికి హద్దులున్నవి. మిథ్యాలోకపు గ్లాసునకు బరువు లేదు, చేతికి తగలదు. తలయంత్రములో దూరము సరిగా తోచకపోవుటచే ఆరోగ్యవంతుల చేయి కూడ కొంత నెమ్మదిగా కదలును. కొందరికి కన్ను తిరుగును. మెదడు కుడిభాగము దెబ్బతినినవారిలో కొందరు తమ ఎడమవైపు లోకమునే గమనింపరు. అట్టివారు ఎడమవైపు పండును తాకకపోయినచో అది చేతి లోపము కాదు, గమనలోపము. ఇది తెలియని యంత్రము చేతికి తక్కువ మార్కు వేయును. యంత్రము అంకెను మాత్రమే ఇచ్చును. ఆ అంకెకు అర్థము చెప్పవలసినది మనిషి.

మాట తెలియక తగ్గిన మార్కు

ఇక మనకు సంబంధించిన ముఖ్యవిషయమునకు వత్తము. కుడిచేయి పడిపోయినవారిలో చాలమందికి మాట కూడ దెబ్బతినును. ఏలయన భాషను నడపు ప్రాంతము సామాన్యముగా మెదడు ఎడమభాగముననే యున్నది. రెండు భాషలు వచ్చినవానికి ఏ భాష ముందు తిరిగివచ్చును? మొదట నేర్చిన భాషయే నిలుచునని ఫ్రాన్సు దేశపు రిబో పందొమ్మిదవ శతాబ్దముననే సూచించెను. రోగమునకు ముందు ఎక్కువగా వాడిన భాష ముందు వచ్చునని 1895లో పిత్ర్ చెప్పెను. రెండును సమానముగా వచ్చుటయే ఎక్కువగా కనబడునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఏ యొక్క సూత్రమును అందరికి చెల్లదు. కాబట్టి మన వృద్ధులకు ఆజ్ఞలను తెలుగునను తమిళమునను రెండింటను చెప్పి చూడవలెను. తమిళమున "కై నీట్టు" అనిన కదలని చేయి, తెలుగున "చేయి చాపు" అనిన కదలవచ్చును. ఇందుకు విపరీతముగాను జరుగవచ్చును.

రెండు భాషలుండుట భారమని తలపరాదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాతరోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, రోగము పిమ్మట బుద్ధిశక్తి చెక్కుచెదరక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40.5, ఒక్క భాషవారిలో నూటికి 19.6 అని తేలినది. మాట పడిపోవుటలో మాత్రము ఇరువురికిని భేదము లేదు.

మన భాషలోనే యున్న మరియొక చిక్కు కలదు. తెలుగున "చేయి" యనిన భుజమునుండి వ్రేళ్ళ కొనల వరకు అంతయు చేయియే. తమిళపు "కై" కూడ అట్టిదే. "చేయి ఎత్తుము" అనిన నొకడు భుజమునుండి ఎత్తును, మరియొకడు మణికట్టు మాత్రమెత్తును. ఇద్దరును ఆజ్ఞను పాటించినవారే. మార్కులు మాత్రము వేరు. "చేయి వచ్చినది" అని ఇంటివారు సంతోషించునప్పుడు వచ్చినది భుజము మాత్రమే కావచ్చును. వ్రేళ్ళు ఇంకను రాకపోవచ్చును. మనకు మాటలు లేక కాదు. భుజము, మోచేయి, ముంజేయి, మణికట్టు, అరచేయి, వ్రేళ్ళు అని ప్రతిభాగమునకు పేరున్నది. మణికట్టు తమిళమునను మణికట్టే. మన మోచేయి వారికి ముళంగై. పరీక్షయందు ఈ విడిపేర్లనే వాడవలెను.

తెరమీద తెలుగున వ్రాసి చూపినంతమాత్రమున పని తీరదు. మన పెద్దలలో పలువురు తెలుగు మాటాడుదురు గాని తెలుగులిపి చదువలేరు. కావున వలసినది వ్రాత కాదు, వాక్కు. అదియును గ్రంథభాష గాక మన ఇండ్లలో వాడు పలుకుబడియే కావలెను. ఇట్టి ఆజ్ఞలు నలుబది యేబదికి మించవు. వానిని వ్యాయామచికిత్సకుల సమక్షమున, పరీక్షార్థము చెడకుండ మన పలుకుబడిలో కూర్చి, స్పష్టమైన కంఠమున రికార్డు చేసి ఆసుపత్రుల కందజేయుట తెలుగు సంఘములకు అసాధ్యమైన పని కాదు. ఏ యంత్రము వచ్చినను ఆ వాక్కు పనికివచ్చును. యంత్రము లేనిచోటను పనికివచ్చును.

ఇంటివారి కర్తవ్యము

ఇంటివారి ప్రేమ యొక్కటే చాలదని అనుభవము చెప్పుచున్నది. మన దేశమున 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో జరిగి 2017లో ప్రకటితమైన అటెండ్ అను ప్రయోగమున, కుటుంబమువారికి శిక్షణ యిచ్చి వారిచేతనే వ్యాయామము చేయించినను సామాన్యచికిత్సకంటె అధికఫలము కనబడలేదు. నిపుణుని పరీక్షయు మార్గదర్శనమును ఉండవలసినదే. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన "మక్కళై తేడి మరుత్తువమ్" పథకమున వ్యాయామచికిత్స ఇంటికే వచ్చు ఏర్పాటున్నది. దానిని మనవారు వినియోగించుకొనవలెను.

ఇంటివారు చేయదగిన పనియు కలదు. వారమున కొకమారు, అదే కుర్చీ, అదే బల్ల, అదే గ్లాసు ఉంచి, రోగి గ్లాసు నందుకొనుటను ప్రక్కనుండి సెల్‌ఫోనున చిత్రింపుడు. మోచేయి ఎంత చాచుకొన్నది, నడుము ఎంత వంగినది, ఎన్ని సెకండ్లు పట్టినది వ్రాసియుంచుడు. ఇది తలయంత్రమునకు సాటి కాదు. కాని చికిత్సకునకు "కొంచెము నయము" అను మాటకంటె ఎక్కువ చెప్పును. పడిపోయిన చేతిని పట్టి లాగి రోగిని లేవనెత్తకుడు. భుజపు కీలు జారును. అన్నిటికంటె ముందు, ముఖము వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయుడు. నాళమున గడ్డకట్టిన రక్తమును కరగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెను. తొలిగంటలలో దక్కించుకొనిన మెదడును పిమ్మట ఏ వ్యాయామముతోను, ఏ మిథ్యాలోకముతోను సంపాదించుట సాధ్యము కాదు.